హైదరాబాద్ కచేరీకి హన్మకొండ నుంచి టికెట్: ఏ దారిలో కొంటే ఎంత పడుతుంది?

కిందటి చలికాలం మా అమ్మాయి, ఆమె స్నేహితురాళ్లు ముగ్గురు కలిసి హైదరాబాద్‌లో జరగబోయే ఒక మ్యూజిక్ కచేరీకి వెళ్తామన్నారు. టికెట్ల యాప్‌లో మొదటి పేజీలో కనిపించిన ధర మనిషికి 1,499 రూపాయలు. నలుగురికీ ఆరు వేలు చాలనుకుని ఫోను నా చేతికిచ్చారు. చివరి పేజీకి వచ్చేసరికి ఆ మొత్తం 7,782 రూపాయల 56 పైసలైంది. పైన ఎనిమిది నిమిషాల గడియారం ఎర్ర అంకెలతో వెనక్కి నడుస్తోంది. "బాపూ, ఇందాక గింత లేకుండె గదా?" అని మా అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. తరువాత తీరికగా కూర్చుని ఒక్కొక్క వరుసా విడదీసి చూశాక, ఏ కచేరీకి ఏ దారిలో టికెట్ కొనాలన్న విషయంలో నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. వరంగల్, హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ వంటి ఊళ్ల నుంచి వెళ్లేవారి లెక్క హైదరాబాద్‌లో ఉండేవారి లెక్కకు భిన్నంగా ఉంటుంది కనుక దీన్ని మనవాళ్ల కోసమే రాస్తున్నాను.

ముందుగా ఆ బిల్లు సంగతి. నాలుగు టికెట్ల అసలు ధర 5,996 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,079 రూపాయల 28 పైసలు. బుకింగ్ ఫీజు టికెట్‌కు 149 చొప్పున 596 రూపాయలు. ఆ ఫీజు మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ 107 రూపాయల 28 పైసలు. వీటన్నిటి అడుగున, మేము అడగకుండానే టిక్కు పెట్టి ఉన్న విరాళం టికెట్‌కు ఒక రూపాయి చొప్పున నాలుగు రూపాయలు. తలకు లెక్కిస్తే 1,499 కాస్తా దాదాపు 1,946 అయింది. మామూలుగా మనం ఈ 447 రూపాయల తేడానంతటినీ ఒకే గాటన కట్టి "యాప్ వాళ్ల దోపిడీ" అంటాం. అందులో దాదాపు 270 రూపాయలు టికెట్ మీది పన్ను. యాప్‌లో కొన్నా, కౌంటర్ దగ్గర కొన్నా, నిర్వాహకుడి చేతి నుంచే నేరుగా తీసుకున్నా ఆ పన్ను తప్పదు. మనం దారి మార్చుకుంటే మారేది మిగిలిన 177 రూపాయలే. కాబట్టి పోల్చవలసింది ఆ 177ను తప్పించుకోవడానికి ఎంత ఖర్చవుతుంది, ఎంత ప్రమాదం నెత్తికెత్తుకోవలసి వస్తుంది అన్నదాన్నే.

పెద్ద కచేరీ అయితే

గచ్చిబౌలి స్టేడియంలోనో, శంషాబాద్ విమానాశ్రయం దగ్గరి జీఎంఆర్ అరీనాలోనో జరిగే పెద్ద కచేరీల విషయంలో నా సలహా సూటిగా చెబుతాను: తిట్టుకుంటూనే అయినా యాప్‌లోనే కొనండి, ముందుగా కొనండి. ఇలాంటి కచేరీల టికెట్లను సాధారణంగా ఒకే సంస్థ అమ్ముతుంది. సినిమా టికెట్‌కైతే యాప్ నచ్చకపోతే థియేటర్ కిటికీ దగ్గరికి వెళ్లవచ్చు. పెద్ద కచేరీకి ముందస్తు కౌంటర్ ఉండటమే అరుదు. ఉన్నా అది కచేరీ రోజున వేదిక గేటు పక్కన, మిగిలిన టికెట్లుంటేనే తెరుస్తారు. పోటీ లేని చోట ఫీజు తగ్గదు. 2024 ఆగస్టులో పేటీఎం వారి టికెట్ల వ్యాపారాన్ని జొమాటో 2,048 కోట్ల రూపాయలకు కొని, ఆ తరువాత డిస్ట్రిక్ట్ అనే యాప్‌ను తెచ్చింది. దానితో టికెట్లు అమ్మే బుక్‌మైషో యాప్‌కు గట్టి పోటీదారు వచ్చిన మాట నిజమే. అయితే ఆ పోటీ ప్రధానంగా కచేరీని తమ వైపు తెచ్చుకోవడానికి నిర్వాహకుల దగ్గర జరుగుతుంది. ఒకే కచేరీ రెండు యాప్‌లలోనూ దొరికి, ఎక్కడ ఫీజు తక్కువో చూసుకుని కొనే అవకాశం మనకు ఎప్పుడో గాని రాదు. అలా దొరికినప్పుడు మాత్రం బద్ధకించకుండా రెండింటిలోనూ చివరి పేజీ దాకా వెళ్లి చూడాలి. మొదటి పేజీ ధరలు సమానంగా ఉన్నంత మాత్రాన చివరి పేజీ మొత్తాలు సమానంగా ఉండవు.

ఇక హన్మకొండ నుంచి కౌంటర్‌కు వెళ్లి కొనడమనే మాట. బస్సులో రానూపోనూ సుమారు ఐదు వందలు, ఊళ్లో తిరుగుడు, ఒక రోజు సెలవు. నాలుగు టికెట్ల మీద మిగిలేది ఏడు వందలు. ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది కనుక, "మేమే పోయి తెస్తం, కిరాయి లేదు గదా" అని మా అమ్మాయి వాదించింది. వాదన బాగానే ఉంది. పదిమంది కలిసి కొంటున్నప్పుడు, ఆ కచేరీకి ముందస్తు కౌంటర్ తెరిచారని ఖాయంగా తెలిసినప్పుడు అది నిజంగా లాభమే. పదిహేడు వందల పైచిలుకు మిగులుతుంది. నలుగురి కోసం ఉప్పల్ దాకా మూడు గంటలు, అక్కడి నుంచి గచ్చిబౌలి దాకా మరో గంటన్నర వెళ్లి "ఇక్కడ రిస్ట్‌బ్యాండ్లే (లోపలికి పోయేందుకు చేతికి కట్టే పట్టీలే) ఇస్తం, అమ్మకాలు యాప్‌లనే" అనిపించుకుని రావడం మాత్రం తెలివైన పని కాదు.

ముందుగా కొనమనడానికి ఇంకొక కారణం ఉంది. పెద్ద కచేరీల టికెట్లను విడతలుగా విడుదల చేసి, విడత విడతకూ ధర పెంచుతారు. మొదటి విడతలో 1,499కి దొరికిన చోటు మూడో విడతలో 1,999 అయితే, యాప్ ఫీజును తప్పించుకోవాలని కౌంటర్ కోసం ఆగిన మనిషి 177 మిగుల్చుకోబోయి, పన్నుతో కలిపి 590 పోగొట్టుకుంటాడు. ఫీజు మీది కోపంతో వాయిదా వేయడం అన్నిటికంటే ఖరీదైన దారి. నేను చూసినంతలో మనవాళ్లు ఎక్కువగా నష్టపోతున్నదీ ఇక్కడే.

ఒకే బుకింగ్‌గా కొనాలా, ఎవరికి వారు కొనుక్కోవాలా అని కూడా కొందరు అడుగుతుంటారు. రైలు టికెట్‌లో దీనికి అర్థం ఉంది. ఐఆర్‌సీటీసీలో కన్వీనియెన్స్ ఫీజు యూపీఐతో కడితే ఏసీ లేని తరగతికి 10 రూపాయలు, ఏసీకి 20, ఆపైన జీఎస్టీ. అది టికెట్‌కు పడుతుందే గాని మనిషికి పడదు. ఒకే టికెట్ మీద ఆరుగురు వెళ్లినా అదే పది. కచేరీ యాప్‌లలో ఎక్కువగా ఫీజు సీటుకు ఇంత అని పడుతుంది కాబట్టి, కలిపి కొన్నా విడివిడిగా కొన్నా మొత్తం మారదు. అలాంటప్పుడు కలిపి కొనడం వల్ల ఒక నష్టం కూడా ఉంది: నలుగురి టికెట్లూ ఒకరి ఫోన్‌లోనే ఉంటాయి, ఆ ఒక్కరు ఆలస్యమైతే మిగతా ముగ్గురూ గేటు బయటే నిలబడాలి. ఫీజు బుకింగ్‌కు ఒక్కసారే పడుతుంటే మాత్రం కలిపి కొనడమే మంచిది. రెండిట్లో ఏదో తెలుసుకోవడానికి ఒక టికెట్ పెట్టి చివరి పేజీ చూసి, వెనక్కి వచ్చి రెండు పెట్టి చూస్తే చాలు, నిమిషం పట్టదు. సీట్ల కోసం జనం ఎగబడుతున్న రోజున మాత్రం ఈ ప్రయోగం చేయకండి.

"డబ్బు చెల్లింపుకు అయ్యే ఖర్చుకే ఈ ఫీజు" అని ఎవరైనా చెబితే పూర్తిగా నమ్మనవసరం లేదు. 2020 జనవరి 1 నుంచి యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపుల మీద వ్యాపారి నుంచి బ్యాంకులు వసూలు చేసే రుసుము (ఎండీఆర్) సున్నా. యాప్ నడపడానికి, సర్వర్లకు, గేటు దగ్గర స్కానర్లు పట్టుకునే సిబ్బందికి ఖర్చుంటుందన్నది కాదనలేని మాట. నా అభ్యంతరమల్లా ఆ ఖర్చును టికెట్ ధరలో కలిపి మొదటి పేజీలోనే చెప్పకపోవడం గురించే.

మన ఊళ్లో జరిగే కార్యక్రమమైతే

ఇక్కడ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. హన్మకొండలో 2024 నవంబరు 19న ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రంలో గాని, మన ఓరుగల్లు మిమిక్రీ కళాకారుడి పేరు పెట్టుకున్న నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణంలో గాని టికెట్ పెట్టి ఏదైనా సంగీత కార్యక్రమం జరిగితే, యాప్ తెరవడానికి ముందు నిర్వాహకులకు ఫోన్ చేయండి. పోస్టరు మీద అడుగున నంబరు తప్పక ఉంటుంది. మూడు వందల టికెట్ మీద నలభై రూపాయల ఫీజు, దాని మీద పన్ను వేసుకుంటే అది పదిహేను శాతం దాటుతుంది. ఆటోలో పది నిమిషాల దూరాన ఉన్న కౌంటర్‌ను వదిలి అంత కట్టడం అనవసరం. పైగా సంగీత కచేరీ, నాటకం, నృత్యం వంటి వాటికి ప్రవేశ రుసుము మనిషికి 500 రూపాయలు దాటకపోతే టికెట్ మీద జీఎస్టీ లేదు. అంటే నిర్వాహకుల నుంచి నేరుగా కొన్న మూడు వందల టికెట్‌కు సరిగ్గా మూడు వందలే ఇస్తాం. యాప్‌లో కొన్నా టికెట్ మీద పన్ను ఉండదు, యాప్ ఫీజు మీద మాత్రం 18 శాతం ఉంటుంది.

ఈ 500 గీతను గుర్తుంచుకుంటే పెద్ద కచేరీల్లో కూడా పనికొస్తుంది. వెనుక వరుస 499, దాని ముందు వరుస 599 అని ఉన్నప్పుడు తేడా వందే అనిపిస్తుంది. 599 మీద పన్ను పడి 706 రూపాయల 82 పైసలవుతుంది, 499 మీద పడదు. ధరలో పన్ను కలిపి చెప్పకపోతే అసలు తేడా దాదాపు 208. ఆ వరుస అంత దగ్గరా కాదా అన్నది అప్పుడు ఆలోచించుకోవాలి.

నేరుగా కొనే పాసుల్లో చూసుకోవలసిన సంగతి వేరు. మూడేళ్ల కింద ఒక మ్యూజికల్ నైట్‌కు ఒక దుకాణంలో పాసులు కొన్నాను. రసీదు పుస్తకంలా కుట్టిన కట్ట, పచ్చ కాగితం, మధ్యలో చిల్లుల గీత. దుకాణాయన ఆ గీత వెంట చింపి పెద్ద ముక్క నాకిచ్చి చిన్న ముక్క కట్టలోనే ఉంచుకున్నాడు. ఇంటికొచ్చి చూస్తే నాలుగింటిలో ఒకదానికి వరుస సంఖ్య లేదు, రెండిటికి ముద్ర లేదు. వెనక్కి వెళ్తే ఆయన మారు మాట్లాడకుండా ముద్రలు వేసి ఇచ్చాడు గాని, గేటు దగ్గర తేలి ఉంటే ఆ సాయంత్రం ఏమయ్యేదో! కాగితపు పాసు తీసుకుంటే సంఖ్య, ముద్ర, తేదీ, సీటు వరుస అక్కడికక్కడే చూసుకోవాలి. యాప్ ఫీజుకు బదులుగా మనం చేసే శ్రమ ఇదే.

నెట్ సెంటర్, కార్డు ఆఫర్లు

ఫోన్‌లో చెల్లింపు అలవాటు లేనివారు నెట్ సెంటర్‌లో చేయించుకుంటారు. అప్పుడు యాప్ ఫీజు మీద ఆ సెంటర్ ఆయన తీసుకునేది అదనం. తప్పులేదు గాని, టికెట్ ఆయన నంబరుకు, ఆయన మెయిల్‌కు పోకుండా మీ నంబరుతోనే లాగిన్ చేయించండి. లేకపోతే కచేరీ వాయిదా పడినప్పుడు సమాచారమూ, తిరిగొచ్చే డబ్బూ రెండూ ఆయనకే పోతాయి. కార్డు ఆఫర్ల గురించి ఒక్క మాట: "పది శాతం తగ్గింపు" అన్నది ఎంత మొత్తం దాటితే వర్తిస్తుంది, గరిష్ఠంగా ఎంత అన్న రెండు అంకెలు చూశాకే ఆ కార్డు బయటికి తీయాలి. తగ్గింపు కోసం ఐదో టికెట్ కొన్నవాళ్లను చూశాను.

ఎవరో అమ్ముతున్నారని కొనడం

టికెట్లు అయిపోయాక ఇన్‌స్టాగ్రామ్‌లో, టెలిగ్రామ్ గ్రూపుల్లో "ఫీజు లేకుండా, అసలు ధరకే" అని కనిపించే అమ్మకాల జోలికి వెళ్లవద్దనే చెబుతాను. 2025 జనవరిలో నవీ ముంబైలో జరిగిన కోల్డ్‌ప్లే (బ్రిటిష్ సంగీత బృందం) కచేరీల టికెట్లు 2024 సెప్టెంబరులో అమ్మకానికి పెట్టగానే అయిపోయి, వేలల్లో ఉన్న టికెట్‌ను పునర్విక్రయంలో లక్షలకు పెట్టిన సంగతి దేశమంతా చూసింది. బుక్‌మైషో పోలీసులకు ఫిర్యాదు కూడా చేసింది. మనకు ఎదురయ్యేది అంత పెద్ద మోసం కాకపోవచ్చు. ఒకే క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్‌ను ఐదుగురికి అమ్ముతారు, గేటు దగ్గర ముందుగా స్కాన్ అయినవాడు లోపలికి పోతాడు, నూటయాభై కిలోమీటర్లు వచ్చిన మనం బయట మిగులుతాం. తెలిసిన మనిషి రాలేక ఇస్తుంటే, యాప్‌లోనే టికెట్‌ను మీ పేరుకు బదిలీ చేసే వీలుందో లేదో చూసుకుని, బదిలీ అయ్యాకే డబ్బివ్వండి. డబ్బు పంపి మోసపోయామని తేలితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

తిరుగు ప్రయాణాన్ని కూడా లెక్కలో వేయాలి

ఆరుబయట జరిగే కచేరీలు రాత్రి పదికి ముగియాలి. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం పది దాటాక లౌడ్‌స్పీకర్‌కు, ప్రత్యేకంగా సడలించిన కొద్ది రోజుల్లో తప్ప, అనుమతి లేదు. గచ్చిబౌలి వైపు అయితే రాయదుర్గం నుంచి ఉప్పల్ దాకా ఒకే మెట్రో లైను, మారాల్సిన పని లేదు. చివరి రైలు వేళ పదకొండు ప్రాంతం కనుక ఆఖరి పాట వదులుకుని బయలుదేరితే అందుతుంది. శంషాబాద్ వైపు అయితే మెట్రో లేదు. కచేరీ వదిలిన గంటలో క్యాబ్ అడిగే ధర ముందు టికెట్ ఫీజు ఎంతనిపిస్తుంది! రెండు వేర్వేరు తేదీల్లో రెండు కచేరీలు చూసి ఏదో ఒకటి ఎంచుకుంటున్నప్పుడు, టికెట్ ఎంతకు దొరుకుతోందన్న దానికంటే వేదిక ఎక్కడున్నదన్న దానికే మా ఇంట్లో ఇప్పుడు ఎక్కువ విలువిస్తున్నాం. రిస్ట్‌బ్యాండ్ కొరియర్‌లో ఇంటికి తెప్పించుకోవాలా, వేదిక దగ్గర తీసుకోవాలా అన్నది కూడా దీనికి చేరినదే. కచేరీ రోజునే ఇచ్చేటట్టయితే వేదిక దగ్గరే తీసుకోండి, ముందు రోజుల్లో మాత్రమే ఇస్తామంటే కొరియర్ ఖర్చు భరించడమే చవక.

డబ్బు కట్టే ముందు, కట్టాక

మొదటి పేజీలో ఒక ధర చూపి, మెట్టు మెట్టుకూ పెంచుకుంటూ పోవడాన్ని, అడగనిది బుట్టలో వేయడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న ప్రకటించిన మార్గదర్శకాల్లో పదమూడు రకాల డార్క్ ప్యాటర్న్‌ల (కొనేవారిని తప్పుదారి పట్టించే ఎత్తుగడల) కింద చేర్చింది. అంతకు ముందే, 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు ముందుగా టిక్కు పెట్టి ఉంచిన గడులతో కొనుగోలుదారు అంగీకారం తీసుకోకూడదన్నాయి. కాబట్టి విరాళం టిక్కు తీసేయడానికి మొహమాటపడనక్కర్లేదు. ఇవ్వాలనుకుంటే ఆ నాలుగు రూపాయలు మరెక్కడైనా ఇవ్వవచ్చు. అయితే ఫీజు వసూలు చేయడమే చట్టవిరుద్ధమని కొందరు అనుకోవడం సరికాదు. ఆన్‌లైన్ సినిమా టికెట్ల మీద కన్వీనియెన్స్ ఫీజు వద్దంటూ మహారాష్ట్ర ప్రభుత్వం 2013, 2014లలో ఇచ్చిన ఉత్తర్వులను బాంబే హైకోర్టు 2025 జులైలో కొట్టివేసింది. ఫీజు ఉంటుంది, దాచకుండా చెప్పమని అడిగే హక్కు మనకుంది.

అందుకే రెండు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి: మొదట ధర చూపిన పేజీ ఒకటి, డబ్బు కట్టే ముందు వివరాలు విప్పి చూపిన పేజీ ఒకటి. మూడోది తీసే ఓపిక ఉంటే రీఫండ్ షరతుల పేజీ తీయండి. మనంతట మనం మానుకుంటే టికెట్ డబ్బులే రావడం కష్టం, బుకింగ్ ఫీజు సంగతి చెప్పనక్కర్లేదు. కచేరీయే రద్దయినప్పుడు, వాయిదా పడినప్పుడు ఫీజు కూడా తిరిగిస్తారా లేదా అన్నది ఆ షరతుల్లో రాసి ఉంటుంది, అది చూసి కొన్నవారు నూటికి ఒకరు కూడా ఉండరు. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్న వస్తువు లేదా సేవ విలువ ఐదు లక్షలు దాటకపోతే ఫిర్యాదు రుసుము లేదు.

మేము కొన్న కచేరీ వారం ముందు వాయిదా పడింది. కొత్త తేదీ పిల్లల పరీక్షల మధ్యలో పడటంతో డబ్బు వెనక్కి అడిగాం. టికెట్ ధర, దాని మీది పన్ను పది రోజుల్లో వచ్చాయి, ఫీజు రాదన్నారు. షరతుల పేజీ స్క్రీన్‌షాట్‌లో "కార్యక్రమం వాయిదా పడితే పూర్తి మొత్తం" అని ఉండటం చూపించి 1915కి ఫిర్యాదు చేశాక 596 రూపాయలు కూడా ఖాతాలో పడ్డాయి. ఆ ఫీజు మీద కట్టిన జీఎస్టీ 107 రూపాయల 28 పైసలు మాత్రం ఇంకా రావాలి. మా అమ్మాయి ఆ అంకెను వంటింట్లో క్యాలెండర్ మీద రాసి పెట్టింది.